ఎలక్ట్రానిక్ సేవలపై పరిశోధన: ఏ ప్రశ్నకు ఏ పద్ధతిని ఎంచుకోవాలి?

ప్రభుత్వ పోర్టల్ మీదో, వ్యాపార సంస్థ నడిపే ఆన్‌లైన్ సేవ మీదో పరిశోధన చేయాలనుకునేవారికి విషయం దొరకడం అంత కష్టం కాదు. అసలు చిక్కంతా పద్ధతి దగ్గరే వస్తుంది. ప్రశ్నావళి పంచాలా, సర్వర్‌లో పోగుపడిన లాగ్ డేటాను (ఎవరు ఎప్పుడు ఏ పేజీ తెరిచి ఏం చేశారో దానంతటదే నమోదయ్యే వివరాలను) పరిశీలించాలా, రెండు రకాల పేజీలు పెట్టి ప్రయోగం చేయాలా, ఒక కార్యాలయంలో నెలల తరబడి కూర్చుని పనితీరును గమనించాలా, లేక అంతర్జాతీయ సూచికలను ముందు పెట్టుకుని దేశాలను పోల్చాలా అన్నది చాలాకాలం తేలదు. చివరికి చాలామంది తమకంటే ముందువారు ఏం చేశారో చూసి అదే చేస్తారు. అందుకే ఈ రంగంలో ప్రశ్నావళి ఆధారంగా సాగిన అధ్యయనాలు కుప్పలుగా ఉన్నాయి, సేవను మధ్యలో వదిలేసి వెళ్లిన మనిషి గురించి చెప్పేవి మాత్రం తక్కువగా ఉన్నాయి. పద్ధతిని ఎంచుకునే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలని నా అభిప్రాయం: వచ్చే జవాబుతో ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారు, ఆ పద్ధతికి ఎవరు కనిపించరు. ఈ వ్యాసంలో పోలిక అంతా ఈ రెండింటి చుట్టూనే ఉంటుంది.

పోల్చడానికి ముందు: ప్రభుత్వ సేవ, వ్యాపార సేవ ఒకటి కావు

వ్యాపారంలో సేవ నచ్చని వినియోగదారుడు పోటీ సంస్థకు వెళ్లిపోతాడు, ఆ వెళ్లిపోవడమే పరిశోధకుడికి ఒక సమాచారం. జనన ధ్రువీకరణ పత్రాన్నో, పన్ను రసీదునో ఇచ్చే కార్యాలయం ఒక్కటే ఉన్నచోట పౌరుడికి ఆ అవకాశం లేదు. అక్కడ వినియోగం పెరిగిందంటే సేవ బాగుందని అర్థం కాకపోవచ్చు, వేరే దారి మూసేశారని అర్థం కావచ్చు. డెన్మార్క్‌లో 2014 నవంబర్ నుంచి, మినహాయింపు పొందినవారు తప్ప మిగిలిన పౌరులందరికీ ప్రభుత్వ ఉత్తరాలను డిజిటల్ రూపంలో అందుకోవడం తప్పనిసరి అయింది. అలాంటి చోట 'ఈ సేవను వాడాలనుకుంటున్నారా' అని అడిగితే వచ్చే జవాబుకు విలువ చాలా తక్కువ. వ్యాపార రంగం కోసం పుట్టిన కొలమానాలను ప్రభుత్వ సేవలకు మార్చకుండా వాడినప్పుడు వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ తేడాను మరవడం వల్ల వచ్చేవే.

ఏ గీటురాళ్ల మీద పోల్చాలి

మొదటిది ప్రశ్న స్వభావం. 'ఎంతమంది' అన్న ప్రశ్న, 'ఎందుకు' అన్న ప్రశ్న, 'దీన్ని మారిస్తే ఏమవుతుంది' అన్న ప్రశ్న వేర్వేరు పద్ధతులను కోరతాయి. ఒకే అధ్యయనం మూడింటికీ జవాబిస్తుందని పరిశోధన ప్రతిపాదనలో రాసుకుంటే ఏ ఒక్కదానికీ గట్టి జవాబు రాదు.

రెండోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, లెక్కలోకి రానివారు. ఆన్‌లైన్‌లో పంచిన ప్రశ్నావళికి ఆన్‌లైన్‌లో ఉన్నవారే జవాబిస్తారు. లాగ్ డేటాలో పోర్టల్‌ను తెరిచినవారే కనిపిస్తారు. దరఖాస్తు పూర్తయ్యాక అడిగే సంతృప్తి ప్రశ్నకు దరఖాస్తు పూర్తి చేయగలిగినవారే జవాబు చెబుతారు. చూపు లేనివారు, చదవడం రానివారు, మరొకరి చేత దరఖాస్తు చేయించుకునేవారు, ఒకసారి ప్రయత్నించి విసిగిపోయినవారు ఈ మూడింటిలో ఏదో ఒకచోట జారిపోతారు. ప్రభుత్వ సేవ విషయంలో వీరిని పట్టించుకోకపోవడం చిన్న లోపం కాదు, ఎందుకంటే చాలా సేవల అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్నది వీరికే.

మూడోది మాటకూ చేతకూ ఉన్న దూరం: మనం కొలుస్తున్నది మనుషులు చెప్పినదా, చేసినదా? నాలుగోది అనుమతి, అంటే డేటా ఎవరి చేతిలో ఉంది, దాన్ని చూడడానికి ఎవరు ఒప్పుకోవాలి, వ్యక్తిగత వివరాలను ఎలా కాపాడాలి అన్నవి. వీటి తర్వాతే కాలం, ఖర్చు, గణాంక నైపుణ్యం వస్తాయి.

| పద్ధతి | బాగా జవాబిచ్చే ప్రశ్న | కంటికి ఆననివారు | ముందుగా కావలసినది |
|---|---|---|---|
| ఆమోద సర్వే | కొత్త సేవ పట్ల జనం వైఖరి ఏమిటి | సర్వే అందనివారు, సేవ గురించి తెలియనివారు | సరైన శాంపిల్, గణాంక నైపుణ్యం |
| నాణ్యత, సంతృప్తి కొలమానం | ఉన్న సేవలో ఏ అంశం బలహీనం | మధ్యలో వదిలేసినవారు | నడుస్తున్న సేవ, దాని వినియోగదారులు |
| లాగ్, పరిపాలన డేటా | ఎక్కడ, ఎంతమంది ఆగిపోతున్నారు | పోర్టల్ దాకా రానివారు | సంస్థ అనుమతి |
| నియంత్రిత ప్రయోగం | ఈ మార్పు వల్ల ఫలితం మారిందా | తక్కువ సంఖ్యలో ఉన్న ప్రత్యేక వర్గాలు | పెద్ద సంఖ్యలో వాడకందార్లు, నైతిక అనుమతి |
| కేస్ స్టడీ, క్షేత్ర పరిశీలన | ఎందుకు ఇలా జరుగుతోంది | పరిశీలించని ఇతర ప్రాంతాలు, కార్యాలయాలు | కార్యాలయంలోకి ప్రవేశం, కాలం |
| సూచికలు, దశల నమూనాలు | ఇతరులతో పోలిస్తే ఎక్కడున్నాం | మామూలు వినియోగదారుడు | దాదాపు ఏమీ అక్కర్లేదు |

ఆమోద సర్వేలు

ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రచురించిన సాంకేతిక ఆమోద నమూనా రెండు భావనల మీద నిలబడింది: ఈ సాధనం నాకు ఉపయోగపడుతుందన్న నమ్మకం, దీన్ని వాడడం సులువన్న నమ్మకం. 2003లో విశ్వనాథ్ వెంకటేశ్, ఆయన సహ రచయితలు అప్పటికే ఉన్న ఎనిమిది నమూనాలను కలిపి ఒక ఏకీకృత సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. అందులో పనితీరు మీద ఆశ, పడవలసిన శ్రమ మీద అంచనా, చుట్టూ ఉన్నవారి ప్రభావం, అనుకూల పరిస్థితులు అనే నాలుగు అంశాలున్నాయి. 2012లో దాన్ని సాధారణ వినియోగదారులకు వర్తించేలా విస్తరించినప్పుడు ఆనందం, పెట్టిన ధరకు దక్కే విలువ, అలవాటు చేరాయి. ప్రభుత్వ సేవల వైపు లెమ్యూరియా కార్టర్, ఫ్రాన్స్ బెలాంజె 2005లో చేసిన అధ్యయనం నమ్మకానికి చోటు కల్పించింది.

ఈ దారిలో సౌకర్యాలు నిజంగానే ఉన్నాయి. పరీక్షకు నిలిచిన ప్రశ్నలు సిద్ధంగా దొరుకుతాయి, ఇతర అధ్యయనాలతో పోల్చుకోవచ్చు, కొద్ది నెలల్లో పని ముగుస్తుంది. అయితే ఈ సర్వేల్లో చాలావరకు చివరికి కొలిచేది వాడాలన్న ఉద్దేశాన్నే తప్ప వాడకాన్ని కాదు. పైగా కారణానికీ ఫలితానికీ ఒకే మనిషి, ఒకే విడతలో, ఒకే కాగితం మీద జవాబిస్తున్నప్పుడు ఆ రెండింటి మధ్య కనిపించే సంబంధంలో కొంత భాగం కొలిచిన తీరు వల్లనే పుట్టవచ్చు. ఉపయోగం ఉందనుకునేవారు వాడాలనుకుంటారన్న సంగతి ఇప్పటికే లెక్కలేనన్ని సార్లు రుజువైంది. మరో ఊళ్లో, మరో సేవ మీద దాన్నే మళ్లీ రుజువు చేయడం వల్ల సేవ నడిపేవారికి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

సేవ ఇంకా మొదలుకాని దశలో, అంటే వాడకం డేటా పుట్టే అవకాశమే లేనప్పుడు, ఈ పద్ధతి సరైనది. అప్పుడు కూడా ప్రశ్నావళిని ఫోన్ ద్వారానో, కాగితం మీదో, ముఖాముఖిగానో కొంతమందికైనా చేర్చాలి. వీలైతే ఆరు నెలల తర్వాత అదే మనుషుల అసలు వాడకాన్ని, వారి అనుమతితో, నమోదు చేయాలి. ఈ ఒక్క అదనపు మెట్టు సాధారణ సర్వేను విలువైన అధ్యయనంగా మార్చగలదు.

నాణ్యత, సంతృప్తి కొలమానాలు

సేవ ఇప్పటికే నడుస్తుంటే, అందులో ఏది బాగు చేయాలో తెలుసుకోవడానికి ఇవి పనికొస్తాయి. పరశురామన్, జైథామల్, బెర్రీ 1988లో ఇచ్చిన సర్వ్‌క్వాల్ కొలమానంలో 22 అంశాలు, ఐదు పార్శ్వాలు ఉన్నాయి. అది మనుషులు ఎదురుగా నిలబడి ఇచ్చే సేవల కోసం పుట్టింది. ఆన్‌లైన్ అమ్మకాల కోసం 2005లో వచ్చిన ఈ-ఎస్-క్వాల్ సామర్థ్యం, మాట నిలబెట్టుకోవడం, వ్యవస్థ అందుబాటులో ఉండడం, గోప్యత అనే నాలుగు పార్శ్వాలను కొలుస్తుంది. సమస్య వచ్చినప్పుడు సంస్థ ఎలా స్పందించిందో చూసే 11 అంశాల అనుబంధ కొలమానం దానితోపాటే వచ్చింది. నష్ట పరిహారం ఆ అనుబంధంలో ఒక పార్శ్వం. ఆలస్యానికి పరిహారం ఇచ్చే ఏర్పాటు లేని ప్రభుత్వ సేవకు దాన్ని యథాతథంగా వాడితే కొన్ని ప్రశ్నలు అర్థం లేనివవుతాయి.

విలియం డెలోన్, ఎఫ్రైమ్ మెక్‌లీన్ 1992లో రూపొందించి, 2003లో సేవా నాణ్యతను చేర్చి సవరించిన నమూనా వ్యవస్థ, సమాచారం, సేవ అనే మూడు నాణ్యతలను వేరుచేసి చూస్తుంది. ఫిర్యాదు సాఫ్ట్‌వేర్ మీదా, పేజీలో రాసిన నియమాల మీదా, సహాయ కేంద్రం మీదా అన్నది తేల్చడానికి ఈ విభజన చాలా ఉపయోగం. త్వరగా ఒక అంచనా కావాలంటే జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన పది ప్రశ్నల వినియోగ సౌలభ్య కొలమానం చాలు. దాని స్కోరు 0 నుంచి 100 వరకు ఉన్నా అది శాతం కాదు. చాలా వ్యవస్థల సగటు 68 దగ్గర ఉంటుంది కాబట్టి 60 వచ్చిందని సంతోషించడానికి లేదు.

లాగ్ డేటా, పరిపాలన డేటా

ఇక్కడ మనుషులు చేసిన పనే నమోదవుతుంది. ఏ పేజీలో ఎంతమంది ఆగిపోయారు, ఏ గడిలో తప్పు సందేశం పదేపదే వచ్చింది, దరఖాస్తు ఇచ్చిన నాటినుంచి పత్రం చేతికి అందేదాకా ఎన్ని రోజులు పట్టింది అన్నవి ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడకుండా తెలుస్తాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ డిజిటల్ సేవలకు నాలుగు కొలతలను తప్పనిసరి చేశారు: ఒక్కో లావాదేవీకి ఖర్చు, వినియోగదారుల సంతృప్తి, పూర్తి చేసినవారి నిష్పత్తి, డిజిటల్ మార్గాన్ని ఎంచుకున్నవారి నిష్పత్తి. వీటిలో సంతృప్తి తప్ప మిగిలిన మూడూ సర్వే అవసరం లేకుండా వచ్చేవే.

ఏ సంఖ్యను ముందు చూడాలన్నది కూడా ముఖ్యమే. అమెరికాలో ఆరోగ్య బీమా కోసం 2013 అక్టోబర్ 1న తెరిచిన హెల్త్‌కేర్.గవ్ పోర్టల్‌కు మొదటి రోజున లక్షల్లో సందర్శకులు వచ్చారు, కానీ ఆ రోజు నమోదు పూర్తి చేయగలిగినవారు ఆరుగురే. సందర్శనల సంఖ్యను విజయంగా చూపే నివేదిక చదివినప్పుడల్లా పూర్తయిన లావాదేవీల సంఖ్య ఎక్కడుందో వెతకాలి.

లాగ్ డేటా బలహీనత 'ఎందుకు' అన్న ప్రశ్న దగ్గర బయటపడుతుంది. పేజీని వదిలి వెళ్లిన మనిషి సమాధానం దొరికి వెళ్లాడో, దారి తెలియక వెళ్లాడో లాగ్ చెప్పదు. మధ్యవర్తులది ఇంకో చిక్కు: ఒకే కంప్యూటర్ నుంచి ఒకరు పదుల మంది తరఫున దరఖాస్తులు నింపుతుంటే, డేటాలో చురుకైన వినియోగదారుడు ఒకడు కనిపిస్తాడు, సాయం లేకుండా దరఖాస్తు చేయలేని పదుల మంది కనిపించరు.

నియంత్రిత ప్రయోగాలు

వచ్చినవారిని యాదృచ్ఛికంగా రెండు లేక అంతకంటే ఎక్కువ గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు ఒక్కో రూపం చూపి ఫలితాలను పోల్చడం కార్యకారణ సంబంధాన్ని తేల్చే పద్ధతుల్లో అన్నిటికంటే గట్టిది. బ్రిటన్‌లో 2013లో, వాహన పన్ను వంటి పనులు ఆన్‌లైన్‌లో ముగించినవారికి చూపే పేజీలో అవయవ దాతల జాబితాలో చేరమని కోరే సందేశాన్ని ఎనిమిది రూపాల్లో పరీక్షించారు. పది లక్షల మందికి పైగా ఆ పేజీని చూశారు. మీకే అవయవం అవసరమైతే తీసుకుంటారు కదా, అయితే ఇతరులకూ సాయపడండి అన్న భావంతో రాసిన సందేశం ముందు నిలిచింది; మనుషుల గుంపు ఫోటో చేర్చిన రూపం మాత్రం ఏ ప్రేరణా లేని మామూలు సందేశం కంటే వెనకబడింది. నిపుణుల సమావేశంలో ఓటింగ్ పెట్టి ఉంటే ఆ ఫోటో బహుశా గెలిచి ఉండేది. వ్యాపారం వైపు ఇలాంటిదే మరొకటి ఉంది. బింగ్ శోధన యంత్రంలో ప్రకటనల శీర్షికను చూపే తీరులో చిన్న మార్పును నెలల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. చివరికి 2012లో పరీక్షిస్తే అది ఆదాయాన్ని 12 శాతం పెంచింది.

అయినా దీన్ని అందరికీ సూచించలేను. నెలకు కొన్ని వందల మంది మాత్రమే వచ్చే సేవలో చిన్న తేడాలు గణాంకపరంగా తేలవు. ప్రయోగం కొలిచేది సాధారణంగా ఆ క్షణపు క్లిక్‌నే. కొన్నదాన్ని తర్వాత తిరిగి పంపినవారిని, తొందరలో తప్పు వివరాలు ఇచ్చి తర్వాత ఇబ్బంది పడినవారిని చూడాలంటే మరికొంత కాలం ఆగాలి. ప్రభుత్వ సేవలో నైతిక హద్దు మరింత స్పష్టం. ఒకరికి హక్కుగా రావలసిన ప్రయోజనాన్ని పరిశోధన పేరుతో ఆపకూడదు, పేజీలోని భాషను, గుర్తుచేసే సందేశాన్ని, ఫారంలోని వరుసను పరీక్షించవచ్చు. కొత్త సేవను ఎలాగూ ఒకేసారి అన్ని ప్రాంతాల్లో మొదలుపెట్టలేనప్పుడు, ఏ ప్రాంతంలో ముందు మొదలుపెట్టాలన్నది చీటీ తీసి నిర్ణయిస్తే ఎవరికీ శాశ్వత అన్యాయం లేకుండా ప్రయోగం సిద్ధమవుతుంది.

కేస్ స్టడీలు, క్షేత్ర పరిశీలన

రిచర్డ్ హీక్స్ 2003లో, అభివృద్ధి చెందుతున్న, పరివర్తనలో ఉన్న దేశాల్లోని ఈ-ప్రభుత్వ ప్రాజెక్టులలో సుమారు 35 శాతం పూర్తిగా, 50 శాతం పాక్షికంగా విఫలమయ్యాయని, 15 శాతమే విజయవంతమయ్యాయని అంచనా వేశారు. ఇవి అంచనాలే అయినా, ఆయన చూపిన కారణం నేటికీ పనికొస్తుంది: వ్యవస్థను రూపొందించినవారు ఊహించుకున్న కార్యాలయానికీ, నిజంగా ఉన్న కార్యాలయానికీ మధ్య దూరం ఎంత పెద్దదైతే వైఫల్యం అంత దగ్గర. ఆ దూరాన్ని కొలవడానికి ప్రశ్నావళి చాలదు. ఆన్‌లైన్‌లో వచ్చిన దరఖాస్తును ఉద్యోగి ప్రింట్ తీసి, పాత రిజిస్టర్‌లో ఎక్కించి, సంతకం కోసం మరో గదికి పంపుతున్నాడన్న సంగతి అక్కడ కూర్చుని చూసినవారికే తెలుస్తుంది.

పౌరుడి వైపునుంచి చూడడానికి పమేలా హెర్డ్, డొనాల్డ్ మొయినిహాన్ చెప్పిన పరిపాలనా భారం అన్న భావన గొప్ప సాధనం. సేవ గురించి తెలుసుకోవడానికి పడే శ్రమ, నియమాలను పాటించడానికి పడే శ్రమ, ఆ క్రమంలో అనుభవించే ఒత్తిడి, అవమానం అని వారు దాన్ని మూడుగా విడదీశారు. మూడోది ఏ లాగ్‌లోనూ నమోదు కాదు. దరఖాస్తుదారు పక్కన కూర్చుని, అతను ఏ మాట దగ్గర ఆగాడో, ఎవరికి ఫోన్ చేశాడో చూసినప్పుడే అది పట్టుబడుతుంది. ఇంటర్‌ఫేస్ లోపాలను కనిపెట్టడానికి ఒకే తరహా వినియోగదారులు ఐదుగురు చాలన్న సూత్రం ప్రసిద్ధం. అది లోపాలను వెతకడానికే వర్తిస్తుంది. ఎంత శాతం మందికి ఆ లోపం తగులుతుందో ఐదుగురిని చూసి చెప్పకూడదు.

ఈ పద్ధతికి ఒక దేశం మొత్తానికి వర్తించే సంఖ్యలు ఇచ్చే శక్తి లేదు. నిర్ణయం తీసుకునే అధికారి సంఖ్యే కావాలని పట్టుబడితే, క్షేత్ర పరిశీలనలో బయటపడిన కారణాన్ని లాగ్ డేటాలో వెతికి సంఖ్య చూపడం మంచి మార్గం.

సూచికలు, దశల నమూనాలు

ఐక్యరాజ్యసమితి 193 సభ్యదేశాలను పోలుస్తూ ఇప్పుడు రెండేళ్లకోసారి విడుదల చేసే ఈ-ప్రభుత్వ అభివృద్ధి సూచికలో ఆన్‌లైన్ సేవలు, టెలికాం సౌకర్యాలు, మానవ వనరులు అనే మూడు భాగాలున్నాయి. 2024లోనూ మొదటి స్థానం డెన్మార్క్‌దే. డేటా ఉచితం, వెంటనే దొరుకుతుంది. కానీ ర్యాంకు ఇతరులతో పోల్చి ఇచ్చేది కాబట్టి ఒక దేశం సేవలు మెరుగైనా ర్యాంకు తగ్గవచ్చు. ఆన్‌లైన్ సేవల భాగం ప్రధానంగా పోర్టల్‌లో ఒక సదుపాయం ఉందా లేదా అని చూస్తుంది, ఆ సదుపాయంతో మామూలు మనిషి పని ముగించగలిగాడా అని చూడదు. కరెన్ లేన్, జంగ్‌వూ లీ 2001లో చెప్పిన, ఈ-ప్రభుత్వం ఏయే మెట్ల మీదుగా ఎదుగుతుందో వివరించే నాలుగు దశల నమూనా వంటివి విధాన చర్చకు భాషనిస్తాయి, అయితే ప్రతి సేవా అవే మెట్లు ఎక్కాలన్న ఊహ వాటిలో దాగి ఉంది. వీటిని నేపథ్య అధ్యాయానికి వాడండి, ఒక సేవ బాగుందా లేదా అన్న తీర్పుకు వాడవద్దు.

కొత్త సాధనాన్నే తయారుచేసి, దాన్ని పరీక్షించి, అందులో నేర్చినదాన్ని పరిశోధనగా సమర్పించాలనుకునేవారికి అలన్ హెవ్నర్ బృందం 2004లో ఏడు మార్గదర్శకాలతో వివరించిన రూపకల్పన పరిశోధన ఉంది. సాఫ్ట్‌వేర్ తయారుచేయడమే పరిశోధన అని పొరబడనివారికే దాన్ని సూచిస్తాను.

ఎవరికి ఏది

ఆరు నెలల గడువున్న పోస్ట్‌గ్రాడ్యుయేట్ విద్యార్థికి డేటా అనుమతి కోసం ఎదురుచూడడమే పెద్ద ప్రమాదం. అటువంటివారు ఒకే సేవను తీసుకుని, పదిహేను ఇరవై మంది దరఖాస్తు చేస్తుండగా పక్కన కూర్చుని గమనించి, ఆ తర్వాత చిన్న నాణ్యత సర్వే జతచేస్తే, మూడు వందల మందికి పంచిన ఆమోద సర్వే కంటే గట్టి పని అవుతుందని నమ్ముతున్నాను. గణాంక పద్ధతుల్లో శిక్షణే ముఖ్య ఉద్దేశమైతే సర్వే తీసుకోవచ్చు, వాడనివారిని శాంపిల్‌లో చేర్చాలన్న షరతు మీద.

డాక్టరేట్ విద్యార్థికి కాలం ఉంది కాబట్టి వాడకం డేటా కోసం మొదటి ఏడాదిలోనే సంస్థతో ఒప్పందం చేసుకోవాలి. శాఖలో పనిచేసే అధికారి చేతిలో ఆ డేటా ముందే ఉంది. ఆయన ముందుగా చేయవలసింది కొత్త సర్వే కాదు, ఉన్న లాగ్‌లో ఎక్కువమంది ఆగిపోయే పేజీని గుర్తించి, ఆ పేజీ దగ్గర ఐదారుగురిని ప్రత్యక్షంగా చూసి, రెండు రూపాలను పరీక్షించడం. వ్యాపార సంస్థలోని బృందానికి ప్రయోగాలు అలవాటే, వారికి కొరవడేది వదిలి వెళ్లిన వినియోగదారులతో మాట్లాడడం. ఏ అనుమతీ దొరకని స్వచ్ఛంద సంస్థకు సూచికలు, బహిరంగ నివేదికలతో పాటు ఒక మంచి మార్గం మిగులుతుంది: వైకల్యం ఉన్నవారూ వెబ్‌సైట్లను వాడగలిగేలా చూసే వెబ్ అందుబాటు మార్గదర్శకాల (WCAG) 2.2 రూపాన్ని ముందు పెట్టుకుని, చూపు లేని వాడకందార్లతో కలిసి పోర్టల్‌ను బయటినుంచే పరీక్షించడం.

రెండు పద్ధతులను కలిపినప్పుడు ఫలితాలు ఒకదానికొకటి ఎదురు తిరగవచ్చు. సర్వేలో అధిక సంఖ్యాకులు సంతృప్తి చెప్పి, లాగ్‌లో సగంమంది మధ్యలో ఆగినట్టు తేలితే వాటి మధ్య రాజీ కుదర్చకూడదు. సర్వే మాట్లాడింది గట్టెక్కినవారితో, లాగ్ లెక్కపెట్టింది పోర్టల్ తెరిచిన అందరినీ. నివేదికలో ఆ రెండు సంఖ్యలనూ పక్కపక్కన, ఏది ఎవరి గురించో రాసి పెట్టాలి.

ఏ దారి ఎంచుకున్నా అనుమతి పత్రాన్ని పని మొదలుకాకముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఏయే వివరాలు ఇస్తారు, పేర్లు, గుర్తింపు సంఖ్యలు ఎవరు ఎప్పుడు తొలగిస్తారు, డేటాను ఎంతకాలం ఉంచుకోవచ్చు, సంస్థకు నచ్చని ఫలితం వచ్చినా ప్రచురించే హక్కు ఉందా అన్న నాలుగు అంశాలు అందులో ఉండాలి. నాలుగో అంశం మీద సంతకం పెట్టడానికి సంస్థ వెనుకాడితే, ఆ సంస్థ డేటా మీద ఆధారపడని పద్ధతికి అప్పుడే మారడం మంచిది.